రెండు సర్వర్లలో ఒకే ఆబ్జెక్ట్ పెట్టా, లింక్ తెగితే రెండూ ప్రైమరీ అయిపోతున్నాయి

గోదారి_కోడర్:
అందరికీ నమస్తే. మా వాలెట్ యాప్‌లో అకౌంట్ ఆబ్జెక్ట్‌ని రెండు సర్వర్లలో రెప్లికేట్ చేశా, ఒకటి ప్రైమరీ ఒకటి బ్యాకప్, 3 సెకన్లు హార్ట్‌బీట్ (బతికే ఉన్నా అని పంపే సిగ్నల్) రాకపోతే బ్యాకప్పే ప్రైమరీ అవుతుంది. మొన్న రాత్రి రెండింటి మధ్య లింక్ తెగింది, సర్వర్లు రెండూ బానే ఉన్నాయి, రెండూ నేనే ప్రైమరీ అనుకుని డబ్బులు కట్ చేసేశాయి. పొద్దున చూస్తే ఒకే అకౌంట్‌కి రెండు బ్యాలెన్సులు. ఆ 3 సెకన్ల టైమవుట్ పెంచితే ఇది పోతుందా?

లాగ్‌పిచ్చి:
పోదండీ. అవతలి సర్వర్ పడిపోయిందా, లింక్ తెగిందా అన్నది ఇవతల ఉన్న సర్వర్‌కి తెలిసే దారే లేదు, టైమవుట్ 3 అయినా 30 అయినా అంతే. మూడు సర్వర్లు పెట్టండి, రెండు ఒప్పుకుంటేనే రాసింది ఖాయం అనుకోండి, అప్పుడు విడిపోయిన ఒంటరి సర్వర్ ఏమీ రాయలేదు. ఒకటి పోతే తట్టుకోడానికి 3, రెండు పోతే 5. నాలుగు పెట్టి లాభం లేదు, మెజారిటీ (సగం కంటే ఎక్కువ) 3 అవుతుంది కాబట్టి అప్పుడూ ఒక్కటి పోతేనే తట్టుకుంటుంది. సొంతంగా రాయకండి దయచేసి, 2014లో వచ్చిన రాఫ్ట్ (సర్వర్లు మెజారిటీతో ఒప్పుకునే పద్ధతి) పేపర్ చదివి ఈటీసీడీ (రాఫ్ట్‌తో నడిచే రెడీమేడ్ డేటా స్టోర్) లాంటిది వాడండి.

పాత_బ్యాకెండ్:
పైన చెప్పింది కరెక్టే, కానీ మెజారిటీ పెట్టాక కూడా బ్యాలెన్స్ తేడా రావచ్చు, మేం రెండు వారాలు దీనితోనే కొట్టుకున్నాం. ఒకే స్థితి నుంచి మొదలెట్టి ఒకే వరసలో అవే కమాండ్లు నడిపితే కాపీలన్నీ ఒకేలా ఉంటాయి అన్నదే దీని మూలం, 1978లో లాంపోర్ట్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త చెప్పింది. మా మెథడ్ లోపల సిస్టమ్ టైమ్ చూసి బోనస్ ఇచ్చేది, ఒక సర్వర్‌లో 11:59, ఇంకోదాంట్లో 12:00, అంతే, ఒకచోట బోనస్ పడింది ఒకచోట లేదు. టైమ్, ర్యాండమ్ నంబర్ లాంటివి లీడరే (అంటే అప్పటి ప్రైమరీ సర్వరే) తేల్చి కమాండ్‌తో పాటు లాగ్‌లో (కమాండ్లు వరసగా రాసుకునే చిట్టాలో) రాయాలి. ఇంకోటి, జవాబు రాకపోతే క్లయింట్ మళ్లీ పంపుతాడు, ప్రతి రిక్వెస్ట్‌కీ ఐడీ పెట్టి దాని జవాబుని కూడా ఆబ్జెక్ట్ స్థితిలోనే దాచండి, లీడర్ మెమరీలో పెడితే లీడర్ మారగానే డబ్బు రెండోసారి కట్ అవుతుంది.

గోదారి_కోడర్:
మాదీ లోపల టైమ్ చూస్తోంది, ఇప్పుడే కోడ్ తెరిచి చూశా. మరి బ్యాలెన్స్ చదవడం ఏ సర్వర్ నుంచైనా చేయొచ్చా?

లాగ్‌పిచ్చి:
వద్దు, పాత విలువ రావచ్చు. లీడర్ కూడా తానింకా లీడరేనని మెజారిటీని అడిగి కనుక్కున్నాకే జవాబివ్వాలి. స్టేట్‌మెంట్ పేజీకైతే ఫాలోవర్ (లీడర్ కాని సర్వర్) నుంచి చదివినా నడుస్తుంది, డబ్బు కట్ చేసే ముందు మాత్రం అస్సలు కాదు.