అప్‌డేట్: తమ్ముడికి ప్లంబింగ్ హెల్పర్ ట్రైనింగ్ దొరికింది (శ్రీకాకుళం)

పది ఫెయిలైన తమ్ముడికి బిల్డింగ్ పైపు పనిలో హెల్పర్‌గా చేరడానికి ట్రైనింగ్ ఎక్కడని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఆర్‌సెటిలో (పల్లెటూరి యువతకు పనులు నేర్పే, బ్యాంకులు నడిపే శిక్షణ సంస్థ) కనుక్కోమన్న సలహానే పనిచేసింది. ఫీజు లేదు, భోజనం, వసతి వాళ్లే చూశారు. ఐటీఐ ప్లంబర్ ట్రేడ్ కూడా మంచిదే, ఎనిమిది పాసైతే చాలు. కానీ అది ఏడాది కోర్సు, మావాడికి అంత ఓపిక లేదు.

పదో తరగతి మార్కుల గురించి నేను పడ్డ టెన్షన్ అనవసరం, అక్కడ ఎవరూ అడగలేదు. గల్ఫ్‌లో పనికొచ్చే సర్టిఫికెట్ ఇప్పిస్తామని డబ్బు అడిగిన ఏజెంటుతోనూ పని పడలేదు.

నేర్పినవి మాత్రం గట్టివే. సీపీవీసీకి (వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్ పైపు) దాని సొల్యూషనే, అంటే అతికించే జిగురే, వాడాలి, మామూలు పీవీసీది పూస్తే వేడినీళ్లకు జాయింట్ నిలవదు. కోసిన అంచు గరుకు తీయాలి, అతికించాక కాసేపు కదలకుండా పట్టుకోవాలి. డ్రైనేజీ లైనుకు వాలు చూడాలి. గోడ పూయకముందే ప్రెషర్ టెస్ట్ (పైపుల్లో ఒత్తిడితో నీళ్లు నింపి లీకులు చూడటం) చేయాలి. ఈ చివరిది మా ఊరి మేస్త్రీలే చాలామంది వదిలేస్తారు!

ఇప్పుడు మావాడు ఒక మేస్త్రీ దగ్గర అపార్ట్‌మెంట్ పనికి వెళ్తున్నాడు. హెల్పర్ కూలే, కానీ పైప్ రెంచ్ సొంతంగా కొనుక్కున్నాడు.