ఆల్కలైన్ ఫాస్ఫటేజ్: సబ్‌స్ట్రేట్ పెంచితే రేటు ఎందుకు పడిపోతోంది?

ఇది ఫాస్ఫేట్‌ను తెంచే ఎంజైమ్, దూడ పేగు నుంచి తీసినది. సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ పనిచేసే పదార్థం) పారానైట్రోఫినైల్ ఫాస్ఫేట్, 1 మోలార్ డైఇథనోలమైన్ బఫర్, పీహెచ్ 9.8, మెగ్నీషియం క్లోరైడ్ 0.5 మిల్లీమోలార్, 37 డిగ్రీలు. 1 సెం.మీ. క్యూవెట్‌లో 405 నానోమీటర్ల దగ్గర, ఫాస్ఫేట్ తెగాక వచ్చే పసుపు రంగును చూస్తున్నాను.

0.05 నుంచి 2 మిల్లీమోలార్ వరకు మైకేలిస్-మెంటెన్ వక్రం (సబ్‌స్ట్రేట్‌తో రేటు పెరిగి క్రమంగా నిలకడపడే గీత) చక్కగా వస్తోంది. 2 దగ్గర నిమిషానికి 0.21 అబ్జార్బెన్స్. ఇక 5 దగ్గర 0.18, 10 దగ్గర 0.13! లైన్‌వీవర్-బర్క్ గీతేమో (1/రేటును 1/సబ్‌స్ట్రేట్‌తో గీసేది, తిన్నగా రావాలి) నిలువు అక్షం దగ్గరికొచ్చేసరికి పైకి వంగిపోతోంది.

ఎంజైమ్ లేని బ్లాంక్ ప్రతి గాఢతకూ విడిగా తీసేశాను. పాత స్టాక్ దానంతటదే పసుపెక్కుతుంది కాబట్టి ఇది తప్పదు. మొదటి 30 సెకన్ల వాలే తీసుకున్నాను, అబ్జార్బెన్స్ 0.8 దాటలేదు. ఎంజైమ్ సగం చేస్తే అన్ని రేట్లూ సగమయ్యాయి, వంపు మాత్రం పోలేదు. సబ్‌స్ట్రేట్ కలిపాక పీహెచ్ మళ్లీ కొలిచాను, 9.8 దగ్గరే ఉంది.

స్టాక్‌లో ఫాస్ఫేట్ కలిసిందేమో అనుకున్నాను. కానీ అది కాంపిటిటివ్ ఇన్హిబిటర్ (ఎంజైమ్‌పై సబ్‌స్ట్రేట్ చోటుకే పోటీపడి అడ్డుకునేది). సబ్‌స్ట్రేట్‌తో పాటే పెరిగితే వీమ్యాక్స్ (గరిష్ఠ రేటు) తగ్గినట్టు కనిపిస్తుందే తప్ప రేటు కిందికి దిగదు.

మిగిలినవి రెండే: రెండో సబ్‌స్ట్రేట్ అణువు ఎంజైమ్‌ను పట్టుకుని అడ్డుపడటం, లేదా 10 మిల్లీమోలార్ సబ్‌స్ట్రేట్ ఎంజైమ్‌కు కావాల్సిన ఆ కాస్త మెగ్నీషియంనూ లాగేసుకోవడం. ఈ రెండింటినీ విడదీయడానికి మీరైతే ఏ కంట్రోల్ పెడతారు?