జర్మనీలో మన ఉగాది వేడుక (మార్చి 28, శనివారం): ఫోటో, వీడియో ఏర్పాట్లు

ఫోటో-వీడియో బాధ్యుడు:
అందరికీ నమస్కారం. కెమెరాలు తెస్తామని ముందుకొచ్చిన వాళ్ళందరికీ థాంక్స్. ఈసారి నేను పట్టుబట్టి అడిగేది ఒక్కటే. స్టేజీ ఎక్కిన ప్రతి పిల్ల, పిల్లవాడి ఐటమ్ మొదటి నుంచి చివరి దాకా, కదలని ఒక షాట్‌లో, శుభ్రమైన ఆడియోతో మన దగ్గర ఉండాలి. మిగతా హంగులు ఆ తర్వాతే. ఊళ్ళో అమ్మమ్మలు, తాతయ్యలు ఎదురుచూసేది దానికోసమే. పద్యం చదివే పిల్ల గొంతు వినపడకపోతే ఎంత అందంగా తీసినా వాళ్ళకి దక్కేదేమీ లేదు.

మెయిన్ కెమెరా హాలు వెనక, మధ్యలో, ట్రైపాడ్ మీద, తలల పైనుంచి. స్టేజీ మొత్తం కనపడాలి. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో పెట్టేసి ఇక ముట్టుకోవద్దు. రెండోది స్టేజీకి ఎడమ పక్క, ముఖాలకీ చేతులకీ. మూడోది ఫోటోలకే.

జర్మనీలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వీడియో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను. అమెరికాలో కొన్న కెమెరా అయితే మెనూలో ఎన్‌టీఎస్‌సీ (అమెరికా వీడియో పద్ధతి) తీసేసి పాల్ (యూరప్ పద్ధతి) పెట్టండి. 30 ఫ్రేములు, 1/60 మీద వదిలేస్తే హాలు లైట్ల కింద వీడియో మీద చారలు పాకుతాయి, ఎడిటింగ్‌లో వాటిని పోగొట్టడం చాలా కష్టం.

సాంస్కృతిక కార్యక్రమాలు చూసే అక్క:
తమ్ముడూ, పంచాంగ శ్రవణం ఈసారి 40 నిమిషాలు దాటుతుంది. రాశిఫలాలు చెప్పేటప్పుడు కెమెరా ఆగిపోతే అందరూ నన్నే అడుగుతారు. నీ కెమెరా అరగంటకే ఆగిపోతుందటగా?

ఫోటో-వీడియో బాధ్యుడు:
నిజమే అక్కా. చాలా డీఎస్ఎల్ఆర్‌లు 29 నిమిషాల 59 సెకన్లకి వాటంతటవే ఆగిపోతాయి. అరగంట, ఆపైన రికార్డ్ చేసేదాన్ని యూరప్‌లో వీడియో కెమెరా కింద లెక్కేసి సుంకం వేసేవాళ్ళు, దాన్ని తప్పించుకోవడానికి కంపెనీలు పెట్టిన హద్దు అది. అందుకే రెండు కెమెరాలూ ఒకేసారి మొదలుపెట్టం. మెయిన్ కెమెరా ముందు, పక్కది 15 నిమిషాల తర్వాత. ఒకటి ఆగేసరికి రెండోది నడుస్తూ ఉంటుంది. ఆడియో రికార్డర్ అసలు ఆగదు. పిల్లల ఐటమ్స్ దగ్గర మాత్రం యాంకర్ మాట్లాడే ప్రతిసారీ ఆపి మళ్ళీ నొక్కుదాం. దీనికి కెమెరా దగ్గర మనిషి లేవకుండా కూర్చోవాలి, భోజనాల టైంలో కూడా.

సౌండ్ చూసుకునే అన్న:
ఆడియో మిక్సర్ నుంచే ఇస్తాను. కానీ ఆ వైరు నేరుగా కెమెరా మైక్ జాక్‌లో పెట్టకండి. మిక్సర్ నుంచి వచ్చేది లైన్ లెవెల్, అంటే బలమైన సిగ్నల్, కెమెరా ఎదురుచూసేది మైక్ లెవెల్, అంటే చాలా సన్నని సిగ్నల్. సౌండ్ మొత్తం పగిలిపోయి వస్తుంది. రికార్డర్‌లో లైన్ ఇన్‌కి పెడదాం. చప్పట్లు, జనం నవ్వులు మిక్సర్‌లోకి రావు, కాబట్టి కెమెరా సొంత మైక్ కూడా ఆన్‌లోనే ఉండనివ్వండి.

ఎంఎస్ చదువుతున్న తమ్ముడు:
అన్నా, ఫోటోలు నేను తీస్తాను. కిట్ లెన్స్, 50 ఎంఎం ఎఫ్ 1.8 ఉన్నాయి. కూచిపూడి తరంగం ఉందని విన్నాను, ఎప్పుడూ తీయలేదు.

ఫోటో-వీడియో బాధ్యుడు:
50 ఎంఎం పెట్టు తమ్ముడూ. ఎఫ్ 2, షట్టర్ కనీసం 1/250, ఐఎస్ఓ 3200 దాకా వెళ్ళినా పరవాలేదు, కొంచెం గ్రెయిన్ ఉన్నా ఎవరూ ఏమీ అనుకోరు. ఫ్లాష్ వద్దు, డ్యాన్స్ చేసే పిల్లల కళ్ళు చెదురుతాయి. రా ఫార్మాట్‌లోనే (కెమెరా పట్టిన వివరాలన్నీ కుదించకుండా ఉంచే ఫైలు) తీయి. ఎల్ఈడీ లైట్లు వంకాయ రంగులోకి తిరిగినప్పుడు ఎర్ర పట్టుచీర ఒక్క ముద్దలా అయిపోతుంది, జరీ గీత కూడా కనపడదు. రా ఉంటే కొంతైనా వెనక్కి తెచ్చుకోవచ్చు, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి ఉంచు.

తరంగంలో ఆ అమ్మాయి ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి పళ్ళెంతో సహా కదులుతుంది. అందరూ ముఖమే తీస్తారు. నువ్వు స్టేజీ పక్కన కింద కూర్చుని పాదాలు తీయి, కాలివేళ్ళు అంచుని పట్టుకునే ఆ పట్టు కనపడాలి. ఆమె నిలబడే చోటు ముందు రోజు రిహార్సల్‌లోనే చూసుకో.

ఇంకో పని. ఉగాది పచ్చడి జనం రాకముందే, వంటగది కిటికీ దగ్గర, లైట్లు ఆర్పేసి తీయాలి. ట్యూబ్‌లైట్ కింద మామిడి ముక్క పాలిపోయినట్టు పడుతుంది. ఇండియా నుంచి తెచ్చిన ఎండు వేపపువ్వు గిన్నెలో వేసే క్షణం వీడియో కూడా కావాలి.

ఒక తల్లి:
మా పాప ఫోటోలు సోషల్ మీడియాలో రావడం మాకు ఇష్టం లేదండీ. డ్యాన్స్ మాత్రం చేస్తుంది.

ఫోటో-వీడియో బాధ్యుడు:
తప్పకుండా అండీ. మనిషి ఫోటో బయట పెట్టాలంటే వాళ్ళ అనుమతి కావాలన్న చట్టం ఇక్కడ 1907 నుంచీ ఉంది, 2018 నుంచి జీడీపీఆర్ (యూరప్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం) కూడా అమల్లోకి వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచితే, తల్లిదండ్రుల మాట మాకు ముఖ్యం. అక్కా, రిజిస్ట్రేషన్ ఫారంలో ఈ ప్రశ్న చేర్చండి. వద్దన్నవాళ్ళ ఐటమ్ వాళ్ళ ఇంటికే పంపుతాం.

ఎడిటింగ్ చేసే చెల్లి:
నా వైపు నుంచి రెండు. ఒకటి, నాలుగు గంటల వీడియో ఒకే ఫైలుగా యూట్యూబ్‌లో పెట్టొద్దు. సినిమా పాట హక్కుదారు క్లెయిమ్ చేస్తే మొత్తం వీడియో కొన్ని దేశాల్లో కనపడకుండా పోవచ్చు, పంచాంగ శ్రవణంతో సహా. ఐటమ్‌కో ఫైలు చేస్తాను, సినిమా పాటలవి డ్రైవ్ లింకులో ఇస్తాను.

రెండు, కెమెరా గడియారాలు. కొందరు ఇండియా వెళ్ళినప్పుడు పెట్టిన టైమే ఉంచేస్తారు, అంటే నాలుగున్నర గంటలు ముందు. ఇంకొందరు అక్టోబర్‌లో ఇక్కడ చలికాలం టైంకి మారినప్పుడు ఒక గంట వెనక్కి తిప్పరు. అన్ని కార్డులూ కలిపితే దీపారాధన భోజనాల తర్వాత వస్తుంది. శుక్రవారం సాయంత్రం అందరూ ఫోన్ చూసి నిమిషంతో సహా సరిచేయండి. ఆడియో కలపడానికి ప్రతి రికార్డింగ్ మొదట్లో లెన్స్ ముందు ఒక్కసారి చప్పట కొట్టండి, చాలు.

ఫోటో-వీడియో బాధ్యుడు:
శుక్రవారం సాయంత్రం 6 గంటలకి హాల్లో కలుద్దాం. కార్డులు ఖాళీ చేసి, ఛార్జర్లు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు తీసుకురండి. మెయిన్ కెమెరా దగ్గర కూర్చోవడానికి ఇద్దరు కావాలి, మార్చి మార్చి కూర్చునేలా. ఎవరు వస్తారో ఇక్కడే చెప్పండి.