కంట్రోలర్‌లో నాలుగు గీతలూ నిండుగా, నడిరాత్రి ఇన్వర్టర్ కూత: లారీలో బ్యాటరీ లెక్క ఎట్లా పెట్టుకోవల్ల?

బోరుబండి_అనంతపురం:
అన్నలకు నమస్కారం. బోరు బండి వెంట తిరిగే సామాన్ల లారీలో రేకుల గది ఉంది, ఆరుమంది పడుకుంటారు. ఉరవకొండ, శింగనమల, తాడిపత్రి తట్టు బోరు వేసే పాయింట్ ఉన్నచోట రెండు మూడు దినాలు చేన్లోనే మకాం, కరెంటు దొరకదు.

సామాను ఇది: 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంప్స్‌ను గంటలతో గుణించిన లెక్క) ట్యూబులర్ (లెడ్ యాసిడ్ రకం) బ్యాటరీ ఒకటి, 165 వాట్ల ప్యానెళ్లు రెండు, 20 ఆంప్స్ పీడబ్ల్యూఎం (సాదా రకం) సోలార్ చార్జ్ కంట్రోలర్, 850 వీఏ ఇన్వర్టర్. రాత్రి 9 నుంచి పొద్దున 5 దాకా 50 వాట్ల టేబుల్ ఫ్యాన్లు మూడు. అప్పుడప్పుడు మిక్సీ.

పొద్దు గూకేటప్పుడు కంట్రోలర్‌లో 12.6 చూపిస్తాంది, గీతలన్నీ నిండుగా ఉంటాయి. రాత్రి 2-3 మధ్య ఇన్వర్టర్ కూయడం మొదలు. పొద్దున చూస్తే మళ్లీ 11.9. బ్యాటరీ పోయిందా, లేక మీటరే తప్పా? ఎంత మిగిలిందో కచ్చితంగా తెలిసేదానికి ఏం బిగించల్ల? మబ్బు పట్టిన రోజు డ్రైవర్ లారీ బ్యాటరీలు రెండిట్లో ఒకదాన్నించి 12 వోల్టులు లాగుతున్నాడు, అది పర్వాలేదా?

సోలార్‌మేస్త్రి_కడప:
తమ్ముడూ, బ్యాటరీని తప్పు పట్టే ముందు కాగితం మీద లెక్క చూడు. మూడు ఫ్యాన్లు 150 వాట్లు. ఇన్వర్టర్‌లో పోయేది కలుపుకుంటే బ్యాటరీ నుంచి దగ్గరదగ్గర 15 ఆంప్స్, ఇన్వర్టర్ సొంత తిండి ఇంకో ఆంప్. 16 ఆంప్స్ ఎనిమిది గంటలంటే 128 ఏహెచ్. మరి వచ్చేదెంత? ఆ ప్యానెళ్లు పీడబ్ల్యూఎం మీద మంచి ఎండలో 18 ఆంప్స్ ఇస్తాయి, ఐదు గంటల గట్టి ఎండకు 90. లెడ్ యాసిడ్‌లో పోసిందంతా తిరిగి రాదు, 76 చేతికొస్తే గొప్ప. రోజూ 50 అప్పు. ఆ బ్యాటరీ ఎన్నడూ నిండినట్టు కాదు, నిండని ట్యూబులర్ ప్లేట్ల మీద సల్ఫేట్ గడ్డకడుతుంది.

ఆ గీతలు వోల్టేజీని బట్టి గీసినవి. ఎండ దిగిన గంటలో వోల్టేజీ ఉత్తుత్తిగా ఎక్కువుంటుంది. నిజం తెలియాలంటే లోడు, ప్యానెల్ రెండూ తీసేసి నాలుగు గంటలైనా ఆగాలి. అప్పుడు 12.5 పైన ఉంటే నిండు, 12.2 దగ్గర ఉంటే సగం, 12.0 కిందికి పోతే అడుగున ఉన్నట్టు. నీ పొద్దుటి 11.9 కూడా లోడు ఆగినాక పైకి లేచిన అంకెనే.

ఇంకో సంగతి. కంట్రోలర్‌లో చూపించే లోడు ఆంప్స్ దాని సొంత లోడు టెర్మినల్‌కు కట్టినదాన్ని మాత్రమే లెక్కిస్తాయి. ఇన్వర్టర్ నేరుగా బ్యాటరీకి ఉంటుంది కాబట్టి దానికి కనపడనే కనపడదు.

వైండింగ్_కర్నూలు:
పైన చెప్పిన లెక్క సరే. దాన్ని రోజూ చూపించేది షంట్ (కరెంటంతా తన గుండా పోతుంటే దాన్ని కొలవనిచ్చే లోహపు ముక్క) ఉన్న బ్యాటరీ మానిటర్. వచ్చిన ఆంప్స్, పోయిన ఆంప్స్ గంటలతో గుణించి ఎంత మిగిలిందో చెప్తుంది. ముందు అనుమానం తీర్చుకోవాలంటే క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) చాలు, కాకపోతే అది డీసీ కొలిచేదై ఉండాలి. చవకవి చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి.

షంట్ 100 ఆంప్స్ కంటే చిన్నది వద్దు. మిక్సీ తిరిగితే 60 ఆంప్స్ లాగుతుంది, రేటింగ్‌లో మూడింట రెండొంతులు మించి ఎక్కువసేపు నడిపితే షంట్ వేడెక్కి లెక్క తప్పుతుంది. మీటర్‌తో వచ్చిన షంట్‌నే వాడాలి. 75 మిల్లీవోల్టుల (పూర్తి రేటింగ్ కరెంటు పోతే షంట్ మీద పడే వోల్టేజీ) మీటర్‌కు 50 మిల్లీవోల్టుల షంట్ తగిలిస్తే 15 ఆంప్స్ పోతుంటే 10 అని చూపిస్తుంది, నువ్వు సంతోషపడతావు.

బిగించేది ఇట్లా. బ్యాటరీ నెగటివ్ నుంచి షంట్ ఒక కొసకు ఒకే ఒక వైరు. ఇన్వర్టర్, ప్యానెల్ కంట్రోలర్, బాడీ ఎర్త్, ఏ నెగటివ్ అయినా అవతలి కొసకే. ఒక్కటి బ్యాటరీ నెగటివ్ మీద మిగిలిపోయినా అది లెక్కలో ఉండదు. మీటర్ సన్న వైర్లు రెండూ షంట్ మీదున్న చిన్న స్క్రూలకే పోవాలి. లగ్ (వైరు కొసనుండే బిగింపు ముక్క) బిగించే పెద్ద బోల్టు కింద పెడితే లగ్ అతుకులో పడే వోల్టేజీ కూడా కలిసి ఆంప్స్ ఎక్కువ చూపిస్తుంది. మీటర్ పాజిటివ్ వైరుకు బ్యాటరీ దగ్గరే ఒక ఆంప్ ఫ్యూజు. కంప్రెసర్ అదురుకు నట్లు లూజవుతాయి, స్ప్రింగ్ వాషర్ తప్పనిసరి, నెలకోసారి లగ్గులు చేత్తో తాకి చూడండి, వెచ్చగా ఉన్నది లూజున్నట్టే.

సెట్టింగుల్లో కెపాసిటీ 150 పెట్టొద్దు. అది 20 గంటల్లో మెల్లగా ఖాళీ చేస్తే వచ్చే లెక్క, మీరు దానికంటే గట్టిగా లాగుతున్నారు, 130 పెట్టండి. నిండినట్టు గుర్తుకు 14.2 వోల్టులు దాటి, లోనికి పోయే కరెంటు 5 ఆంప్స్ కిందికి దిగి, కొన్ని నిమిషాలు అట్లాగే నిలవాలి. చాలామంది బిగించిన రోజే మీటర్‌లో 100 శాతం అని నొక్కేస్తారు. సగం బ్యాటరీకి 100 అని రాసినట్టు, వారానికి లెక్క గంగలో కలుస్తుంది. మొదట ఊర్లో మెయిన్స్ చార్జర్‌తో ఒక రాత్రంతా నింపి, హైడ్రోమీటర్‌తో (యాసిడ్ సాంద్రత కొలిచేది) ఆరు సెల్లులూ చూసి, అప్పుడు నొక్కాలి. ట్యూబులర్ నిండితే 27 డిగ్రీల దగ్గర 1.240. యాసిడ్ నీళ్లు 40 డిగ్రీలు ఉంటే 1.231 వచ్చినా అది నిండే, కంగారు పడొద్దు.

గండికోట_క్యాంపర్:
ఇంత తంటా ఎందుకు, 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ పెట్టుకుంటే దాని బీఎంఎస్ (బ్యాటరీలోనే ఉండే కాపలా సర్క్యూట్) ఫోన్లోనే శాతం చూపిస్తుంది కదా?

వైండింగ్_కర్నూలు:
చూపిస్తుంది సార్, కానీ చాలా బీఎంఎస్‌లు అర ఆంప్, ఆంప్ లాంటి చిన్న కరెంటును పట్టవు. అట్లాంటివి పది రోజులు నిండా ఎక్కించకుంటే 40 శాతం అని చూపిస్తూనే ఆరిపోతాయి. లిథియానికి వోల్టుమీటర్ ఇంకా దండగ: 70 శాతం దగ్గర 13.2, 40 దగ్గర 13.1. ఆ పదో వంతు వోల్టు వైర్లోనే పోతుంది. దానికే షంట్ మరింత అవసరం. పైగా మే నెలలో రేకుల గదిలో సెల్ బాగా వేడెక్కితే చాలా బీఎంఎస్‌లు చార్జింగ్ ఆపేస్తాయి. పెడితే కింద నీడలో, గాలి ఆడేచోట పెట్టండి.

సోలార్‌మేస్త్రి_కడప:
డ్రైవర్ పని మాత్రం ఈ రోజే ఆపించు. లారీలో 24 వోల్టులకు వరసగా కట్టిన రెండు 12 వోల్టుల బ్యాటరీల్లో ఒకదాన్నించే లాగితే అది దిగిపోతుంది, ఆల్టర్నేటర్ రెండిటినీ కలిపి 28 వోల్టులకు చూస్తుంది కాబట్టి రెండోది ఉడికి నీళ్లు తాగేస్తుంది. ఆర్నెల్లలో జత పాడవుతుంది. 24 నుంచి 12కు దింపే డీసీ-డీసీ చార్జర్ పెట్టు, ఇంజిన్ నడిచినప్పుడే పనిచేసేట్టు ఇగ్నిషన్‌కు కట్టు. దాని నెగటివ్ కూడా షంట్ అవతలే.

ఫ్యాన్లు మార్చడం అన్నిటికంటే చవక. 25 వాట్ల 12 వోల్టుల డీసీ ఫ్యాన్లు మూడు పెడితే 6 ఆంప్స్ పైచిలుకు, రాత్రంతా 50 ఏహెచ్. నీ ప్యానెళ్లు దాన్ని నింపుతాయి.

బోరుబండి_అనంతపురం:
షంట్ బిగించినా అన్నా. నింపి 100 పెట్టినాం. ఫ్యాన్లు మూడూ తిరిగితే 15.7 చూపిస్తాంది. కానీ అన్నీ ఆపినా 1.1 పోతానే ఉంది, లీకేజా?

సోలార్‌మేస్త్రి_కడప:
లీకేజీ కాదు, ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉంది. 24 గంటలకు 26 ఏహెచ్, నీకు ఎండ ఇచ్చే 76లో మూడో వంతు. మిక్సీ పని కాగానే ఇన్వర్టర్ స్విచ్ ఆపి, అప్పుడు మీటర్ చూడు, 0.1 కిందికి రావాలి. రాకపోతే నెగటివ్‌లు ఒక్కొక్కటే షంట్ నుంచి ఊడదీస్తూ పో, ఏది తీస్తే అంకె పడిపోతే అదే దొంగ.