టార్గెటెడ్ మందు కోసం పొలం అమ్మాలా? పాత కీమోనే నమ్ముకోవాలా?

ఓరుగల్లు ఆడబిడ్డ:
మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ అని పోయిన వారం తేలింది. వయసు 54, ఊరు నర్సంపేట దగ్గర. ముందు కీమో, తర్వాత ఆపరేషన్ అన్నారు డాక్టరు. మా చిన్నాయన వీడియో ఏదో చూసి, "కీమో వద్దు బిడ్డా, అది మంచి కణాలను కూడా చంపుతది. గడ్డ దగ్గరికే పోయే మందులొచ్చినయట, ఎకరం అమ్ముదాం" అంటున్నాడు. అన్నయ్య ఒప్పుకోవడం లేదు. రోజూ ఇదే గొడవ. అమ్మ మూలకు కూర్చుని అంతా వింటోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కాజీపేట రైల్వే కాలనీ:
చెల్లీ, మీ చిన్నాయన మాటలో న్యాయం ఉంది. మా ఇంటావిడది హెర్2 పాజిటివ్, అంటే గడ్డ కణాల మీద హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉన్న రకం. ముందు ఎర్ర మందు అనే కీమో నాలుగుసార్లు, తర్వాత వేరే కీమోతో కలిపి ట్రాస్టుజుమాబ్ అనే టార్గెటెడ్ మందు, ఆ తర్వాత అదొక్కటే. మొత్తం ఏడాది, మూడు వారాలకోసారి. ఎర్ర మందు ఎక్కినప్పుడు మూత్రం కూడా ఎర్రగా వచ్చేది, అన్నం వాసనే పడేది కాదు. ట్రాస్టుజుమాబ్ ఒక్కటే ఎక్కిన నెలల్లో జుట్టు మళ్లీ వచ్చింది, వంట తనే చేసుకుంది. ఆ మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. సికింద్రాబాద్‌లో కొని, థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్‌ల మధ్య పెట్టి శాతవాహనలో తెచ్చేవాణ్ని. కాజీపేట వచ్చేదాకా డబ్బా ఒళ్లోంచి దించలేదు.

పరకాల తమ్ముడు:
అన్నా, వదినకు నయమైనందుకు సంతోషం. మా అమ్మది అండాశయ క్యాన్సర్, తిరగబెట్టింది. అదే ఎర్ర మందును కొవ్వు పొరలో చుట్టిన లైపోజోమల్ రకం ఎక్కించారు. గుండె మీద భారం తక్కువ, జుట్టు అంతగా రాలదు అన్నారు. అదీ నిజమే. కానీ మూడో డోసుకు అరచేతులు, అరికాళ్లు కమిలి తోలు ఊడింది. రోజూ జొన్నరొట్టెలు కొట్టిన చేతులు, మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేకపోయాయి. ఇలా అవుతుందని ముందు ఒక్కరూ చెప్పలేదు. సైడ్ ఎఫెక్ట్ లేని మందు అని ఎవరన్నా అంటే నాకు కడుపు మండుతుంది. పొలం అమ్మొద్దక్కా.

హన్మకొండ ఫార్మసిస్టు:
క్యాన్సర్ వార్డుకు మందులు కలపడం నా రోజూ పని. మీ ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ చెబుతున్నది వేర్వేరు మందుల గురించి.

తమ్ముడు చెప్పిన లైపోజోమల్‌లో లోపల ఉన్నది ఆ ఎర్ర మందే, డాక్సోరూబిసిన్ అనే కీమో. 1995లోనే అమెరికాలో అనుమతి వచ్చింది, కొత్తదేమీ కాదు. గడ్డలోని రక్తనాళాలకు సందులుంటాయి, మందు నింపిన ఆ కొవ్వు బుడగలు అక్కడ జారి నిలుస్తాయని లెక్క. కానీ గడ్డకే పోతుందన్న మాట నమ్మకండి. ఇలాంటి అతి సూక్ష్మ కణాల మందుల (నానో మందుల) మీద పదేళ్ల జంతు ప్రయోగాలను 2016లో ఒక సమీక్ష లెక్కగడితే, ఎక్కించిన దానిలో గడ్డకు చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. కాలేయం, ప్లీహం చాలా లాగేసుకుంటాయి. కొంత అరచేతుల్లోకీ చేరుతుంది, మీ అమ్మగారికి జరిగింది అదే. అది ముందే చెప్పి ఉండాల్సింది.

ట్రాస్టుజుమాబ్ దారి వేరు, అది ఒక యాంటీబాడీ. కణం పైన హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉంటే దాన్ని పట్టుకుంటుంది. అదే యాంటీబాడీకి కీమోను అతికించి పంపే మందులూ వచ్చాయి. ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్‌లో ఒక్కో యాంటీబాడీకి సుమారు 8 కీమో అణువులుంటాయి. దానితో ఊపిరితిత్తులు వాచే ప్రమాదం ఉంది, కొత్తగా దగ్గో ఆయాసమో వస్తే అదే రోజు డాక్టరుకు చెప్పాలి.

చెల్లీ, నాది ఒకటే మాట. పొలం సంగతి మాట్లాడే ముందు బయాప్సీ రిపోర్టు చూడండి. రొమ్ము క్యాన్సర్లలో నూటికి 15 నుంచి 20 మాత్రమే హెర్2 పాజిటివ్. ఐహెచ్‌సీ అనే, గడ్డ ముక్కకు రంగు వేసి హెర్2 చూసే పరీక్షలో 3+ వస్తే పాజిటివ్, 0 లేదా 1+ అయితే నెగెటివ్, 2+ అయితే హెర్2 జన్యువును లెక్కించే ఫిష్ టెస్ట్ చేయించాలి. నెగెటివ్ గడ్డకు ట్రాస్టుజుమాబ్ ఎక్కిస్తే డబ్బూ పోతుంది, గుండెకు ముప్పూ మిగులుతుంది. పాజిటివ్ అయినా కీమోతో కలిపే మొదలుపెడతారు. మూడు నెలలకోసారి గుండె పనితీరు చూసే ఎకో తప్పదు.

కాజీపేట రైల్వే కాలనీ:
ఒప్పుకుంటాను. కానీ తమ్ముడూ, పాజిటివ్ వచ్చాక కూడా పొలం అమ్మొద్దనే అంటావా? డబ్బుల్లేక కీమోతోనే సరిపెట్టుకున్న ఇద్దరిని మా పక్క మంచాల మీదే చూశాను. ఆ బాధ మర్చిపోలేను.

పరకాల తమ్ముడు:
పాజిటివ్ అయితే అననన్నా. రిపోర్టు రాకముందే అమ్మొద్దంటున్నా, అంతే.

హన్మకొండ ఫార్మసిస్టు:
2014 నుంచి మన దేశంలో తయారైన ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్లు, అంటే దానిలాగే పనిచేసే వేరే కంపెనీల మందులు దొరుకుతున్నాయి, మొదటి కంపెనీ మందు కన్నా చవక. ఆరోగ్యశ్రీ పరిమితి కూడా 2023 డిసెంబరులో 10 లక్షలు చేశారు. మీ మందు ఏ ప్యాకేజీలో వస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కూర్చోబెట్టి అడగండి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో కూడా ఒకసారి చూపించండి.

ఓరుగల్లు ఆడబిడ్డ:
ఇప్పుడే ఫైలు తీసి చూశాను. హెర్2 దగ్గర పెండింగ్ అని ఉంది. ఇన్నాళ్లూ మేమెవరం ఆ లైను చదవనే లేదు. మీరు రాసిందంతా చిన్నాయనకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. శుక్రవారం రిపోర్టు తేవడానికి తనే వస్తానన్నాడు.