తలకు తగిలిన పాత దెబ్బల గురించి పిల్లలు చెప్పే లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?

వ్యాయామ ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి
మా బడి కబడ్డీ జట్టులో 13 నుండి 17 ఏళ్ళ పిల్లలున్నారు. సీజను మొదట్లో "ఇదివరకు కంకషన్ అయిందా? ఎన్నిసార్లు?" అనే ఫారం నింపిస్తాను. కంకషన్ అంటే తలకు దెబ్బ తగిలి మెదడు పని కాసేపు తడబడడం. ఈసారి ఒక్కరు తప్ప అందరూ "లేదు" అనే రాశారు. అలా రాసినవారిలో ఒక అబ్బాయి, పోయిన దసరాకు ముందు కూతకు వెళ్ళి, పట్టులో ఎవరిదో మోకాలు కణతకు తగిలి పడిపోయి, లేచి మట్టి దులుపుకుని, నేరుగా అవతలి జట్టు బెంచీ మీద కూర్చున్నాడు. అది నేను కళ్ళారా చూశాను. వాడు అబద్ధమాడే పిల్లవాడు కాడు. ఒకసారి కంకషన్ అయినవారికి మళ్ళీ అయ్యే ప్రమాదం ఎక్కువ కాబట్టి, ఈ "లేదు"కు ఎంత విలువ ఇవ్వాలో తెలియక అడుగుతున్నాను.

ఫిజియోథెరపిస్టు, బరంపురం
మాస్టారూ, ఆ అబ్బాయికి మీ ప్రశ్న అర్థమై ఉండదు. కంకషన్ అంటే స్పృహ తప్పడమేనని చాలామంది అనుకుంటారు గానీ, స్పృహ తప్పేది పది మందిలో ఒకరికైనా ఉండదు. స్కాను బాగుంటే ఏమీ కాలేదని ఇంట్లోవాళ్ళు నిశ్చింతపడతారు, కానీ కంకషన్ అయినా సి.టి. స్కాను చాలావరకు మామూలుగానే ఉంటుంది.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1,532 మంది హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళను సీజను అయ్యాక ప్రశ్నించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, కంకషన్ అయినవారిలో దాన్ని ఎవరికైనా చెప్పినవారు 47.3 శాతమే. అది చెప్పుకోవలసినంత దెబ్బ కాదనుకోవడమే మిగిలినవారు చెప్పిన ముఖ్య కారణం. ఇది కూడా పిల్లలు గుర్తించి ఒప్పుకున్న లెక్కే సుమండీ. తమకు అయినట్టే తెలియనివారు ఇందులోకి రానే రారు.

ఫారంలో "కంకషన్" అనే మాట తీసేయండి. తలకు తగిలాక కళ్ళు బైర్లు కమ్మాయా, దిమ్మెక్కినట్టు ఉందా, వాంతి అయిందా, ఆట ఎంతవరకు వచ్చిందో మరిచిపోయావా అని ఒక్కొక్కటీ విడివిడిగా, వాళ్ళ భాషలో అడగండి.

మాజీ క్రీడాకారిణి, రాయగడ
ప్రశ్న అర్థమయ్యాక కూడా దాచేవాళ్ళుంటారండీ, నేనే దాచాను. నాకప్పుడు పదహారేళ్ళు, వారంలో జిల్లా జట్టు ఎంపిక. ట్యూబులైటు వెలుగు కూడా భరించలేక చీకటి గదిలో పడుకుంటూ, ఫారంలో మాత్రం "లేదు" అని రాశాను. మా అమ్మను అడిగి ఉంటే అంతా చెప్పేది. దయచేసి ఎంపికలు జరిగే రోజుల్లో, జట్టు అందరి ఎదుటా అడగకండి. ఇంట్లోవాళ్ళను వేరుగా అడగండి.

ఫిజియోథెరపిస్టు, బరంపురం
అమ్మా, మీ మాట నిజం. ఆటల్లో కంకషన్ అయిందేమో చూడడానికి 8 నుండి 12 ఏళ్ళ పిల్లల కోసం ఉన్న చైల్డ్ స్కాట్6 అనే పరీక్షలో తల్లిదండ్రులు చెప్పే లక్షణాలకూ వేరే పట్టిక ఉంది. పెద్ద పిల్లల విషయంలోనూ అలా అడగడం మంచిదే.

వ్యాయామ ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి
నిన్న సాయంత్రం ఆ అబ్బాయిని పక్కకు పిలిచి, మీరు చెప్పినట్టే అడిగాను. చిన్నప్పుడు బావి గట్టు మీద జారిపడి తలకు తగిలి, రెండుసార్లు వాంతి చేసుకున్నానని చెప్పాడు. దసరా ముందు ఆటలో కూతకు వెళ్ళడం వరకు గుర్తుందట. అవతలి బెంచీ మీద కూర్చున్న సంగతి నేను చెప్తేనే తెలిసిందట. ఇకనుండి తలకు తగిలిన ప్రతిసారీ ఆటను అక్కడితో ఆపించి, చూసినవాళ్ళ మాటలతో సహా ఆ రోజే నోటుబుక్కులో రాసి, డాక్టరు దగ్గరికి ఆ పుటతోనే పంపుతాను.