ఉగాది సంబరాల మెయిల్ పని: పండుగ అయ్యేదాకా ఆ స్విచ్ జోలికి ఎవరూ పోవద్దు

మెయిల్ బాధ్యత (కర్నూలు):
అందరికీ నమస్కారం. హాలు, వంటలు, స్టేజి గురించి వేరే చోట నడుస్తాంది. ఇక్కడ మెయిల్ సంగతి ఒక్కటే. సంఘం ల్యాప్‌టాప్‌లో క్లాసిక్ ఔట్‌లుక్ (మైక్రోసాఫ్ట్ వాళ్ళ పాత మెయిల్ ప్రోగ్రాం) తెరిస్తే పైన కుడి మూలన "ట్రై ద న్యూ ఔట్‌లుక్" అని ఒక స్విచ్ కనపడతాది. పండుగ అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు. పొరపాటున నొక్కినా కంగారు పడొద్దు. అదే స్విచ్ వెనక్కి తిప్పితే పాతది తెరుచుకుంటాది, అందులోని మెయిళ్ళు యాడికీ పోవు.

అసలు తిప్పలు కాంటాక్టులతో. మన జీమెయిల్ ఐమ్యాప్ పద్ధతిలో (మెయిళ్ళు సర్వర్‌లోనే ఉంటాయి, ప్రోగ్రాం వాటిని తెచ్చి చూపిస్తాది) పెట్టినాం కాబట్టి, సభ్యుల కాంటాక్టులు "దిస్ కంప్యూటర్ ఓన్లీ" అన్న ఫోల్డర్‌లో ఉన్నాయి. పేరులోనే ఉంది కదా, ఆ కంప్యూటర్‌లోని పాత ఔట్‌లుక్ దాటి కొత్తదాంట్లోకి రావు. పాత యాడ్-ఇన్‌లు (ఔట్‌లుక్‌కు తగిలించుకునే అదనపు పనిముట్లు) కూడా కొత్తదాంట్లో పనిచేయవు, వెబ్ యాడ్-ఇన్‌లు మాత్రమే నడుస్తాయి. కాబట్టి ఈ వారమే కాపీ తీసి పెట్టుకోవాల:

ఫైల్, ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్, ఎక్స్‌పోర్ట్ టు ఎ ఫైల్. మెయిళ్ళకైతే ఔట్‌లుక్ డేటా ఫైల్ (పీఎస్టీ) ఎంచుకుని, "ఇంక్లూడ్ సబ్‌ఫోల్డర్స్" టిక్ పెట్టండి. అది మరిస్తే ఇన్‌బాక్స్ పైపొర మాత్రమే వస్తాది, "స్పాన్సర్లు" ఫోల్డర్ రాదు. కాంటాక్టులకు ఇదే దారిలో సీఎస్వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే మామూలు పట్టిక ఫైల్).

రిజిస్ట్రేషన్ (కడప):
అన్నా, సీఎస్వీలో గ్రూపులు రావు. "వాలంటీర్లు", "పిల్లల కార్యక్రమాలు" గ్రూపులను ఒక్కొక్కటే తెరిచి, ఫైల్, సేవ్ యాజ్ కొట్టి టెక్స్ట్‌గా దాయాల. ఇంకోటి. ఆ సీఎస్వీని ఎక్సెల్‌లో తెరిచి మళ్ళీ దాచేటప్పుడు "సీఎస్వీ యూటీఎఫ్-8" అనే రకమే ఎంచుకోండి. మామూలు సీఎస్వీ ఎంచుకుంటే తెలుగులో రాసిన పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, ఆ తర్వాత వెనక్కి తెచ్చుకునే దారి లేదు.

కళాకారుల సమన్వయం (అనంతపురం):
ఇక్కడి డెస్క్‌టాప్‌లో విండోస్‌తో వచ్చిన పాత మెయిల్ యాప్ ఉంది. తోలుబొమ్మలాట వాళ్ళ పాస్‌పోర్టు కాపీలు, ఆహ్వాన పత్రాలు అన్నీ అందులోనే. పాతవి కనపడతాండాయి, కొత్తవి రావు, పోవు.

మెయిల్ బాధ్యత (కర్నూలు):
అక్కా, అది చెడిపోలేదు, కంపెనీయే ఆపేసింది. ఆ మెయిల్, క్యాలెండర్ యాప్‌లకు మైక్రోసాఫ్ట్ 2024 డిసెంబర్ 31తో స్వస్తి చెప్పింది. ఖాతా జీమెయిల్‌ది కాబట్టి కాగితాలన్నీ సర్వర్‌లో భద్రంగానే ఉంటాయి, బ్రౌజర్‌లో తెరిచి చూడండి. ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోయినవి ఏవైనా ఉంటే ముందు అవి బయటికి తీయాల.

దాని బదులు కొత్త ఔట్‌లుక్ పెట్టుకోమని యాప్ అడుగుతాది. అక్కడ ఒక్క నిమిషం ఆగండి. జీమెయిల్ లాంటి బయటి ఖాతా కలిపితే, మెయిళ్ళ కాపీని మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కు ఎక్కిస్తామని ఒక తెర వస్తాది. చదవకుండా "కంటిన్యూ" కొట్టేది అక్కడే. మన సొంత కబుర్లయితే ఎవరిష్టం వాళ్ళది. పరాయి వాళ్ళ పాస్‌పోర్టులు ఇంకో కంపెనీ దగ్గరకు పోవాల్నా వద్దా అనేది కమిటీ తేల్చాల్సిన మాట. నా ఓటు వద్దనే. బాగా నడిచే యాప్‌ను ఆపేసి, దాని స్థానంలో ఇలాంటి షరతు పెట్టడం ఏం న్యాయమో!

దానికి బదులు థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రాం వేసుకోండి, అది కూడా ఈఎస్ఆర్ రకం. 2025 మార్చి నుంచి వాళ్ళు మామూలుగా ఇచ్చేది నెలనెలా మారే రకం. ఈఎస్ఆర్‌కు ఏడాదికొకసారే పెద్ద మార్పు, మధ్యలో భద్రతా సవరణలు, చిన్నచిన్న మరమ్మతులు మాత్రమే. ముందు నెలవారీది వేసి తర్వాత ఈఎస్ఆర్‌కు దిగుదామంటే, ఆ ప్రొఫైల్‌ను (ఖాతాలు, మెయిళ్ళు, సెట్టింగులు ఉండే ఫోల్డర్) పాత వెర్షన్ తెరవనంటాది. కాబట్టి మొదటే సరైనది దించుకోండి. ఖాతా కలిపేటప్పుడు బ్రౌజర్ లాంటి కిటికీలో గూగుల్ లాగిన్ అడుగుతాది, యాప్ పాస్‌వర్డ్ అవసరం లేదు.

బ్యాకప్‌కు: హెల్ప్, ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్, అక్కడ ప్రొఫైల్ ఫోల్డర్. థండర్‌బర్డ్ మూసేసి ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. పాస్‌వర్డులు కూడా అందులోనే ఉంటాయి కాబట్టి ప్రైమరీ పాస్‌వర్డ్ (దాచిన పాస్‌వర్డులన్నిటికీ వేసే తాళం) పెట్టకుండా ఆ పెన్‌డ్రైవ్ ఎవరి చేతికీ ఇయ్యొద్దు.

భోజనాలు (నంద్యాల):
620 కుటుంబాలకు ఆహ్వానం ఒకేసారి పోతాదా అన్నా? ఓళిగలు ఎన్ని చేయించాలో ఆ జవాబుల మీదే ఆధారం.

మెయిల్ బాధ్యత (కర్నూలు):
పోదప్పా. ఉచిత జీమెయిల్‌లో రోజుకు 500 మంది వరకే. దాటితే 24 గంటల వరకు పంపడం ఆపేస్తారు, స్పాన్సర్‌కు రసీదు కూడా పోదు. మొదటి రోజు 310, రెండో రోజు 310 పంపుదాం, మిగిలింది మామూలు పనులకు. థండర్‌బర్డ్‌లో మెయిల్ మెర్జ్ యాడ్-ఆన్ (ఒకే ఉత్తరాన్ని ఒక్కొక్కరి పేరుతో తయారుచేసేది) వేసి, "సేవ్ యాజ్ డ్రాఫ్ట్"తో ముందు ఐదు తయారుచేసి పేర్లు సరిగ్గా పడినాయా చూసి, ఆ తర్వాతే మిగతావి.

రిజిస్ట్రేషన్ (కడప):
మరి ఆ ఐదుగురిలో ఒకరి పేరు తెలుగు లిపిలో, ఒకరిది రెండు ఇంటిపేర్లతో ఉండేలా చూడండి. తప్పులు బయటపడేది అట్లాంటి వాటిలోనే. జాబితా నేను బుధవారం ఇస్తా. ఆ తర్వాత ఎవరూ దాంట్లో చేయి పెట్టొద్దు, మార్పులుంటే నాకు రాయండి.

కళాకారుల సమన్వయం (అనంతపురం):
సరే, రేపు ఈఎస్ఆర్ వేయిస్తా. మీరు క్లాసిక్ నుంచి పంపిన ఆహ్వాన పత్రం ఇక్కడ "విన్‌మెయిల్.డాట్" అని వచ్చింది, తెరుచుకోలేదు.

మెయిల్ బాధ్యత (కర్నూలు):
అది రిచ్ టెక్స్ట్‌లో (ఔట్‌లుక్ సొంత పద్ధతి, వేరే యాప్‌లకు అర్థం కాదు) పోయింటుంది. మెయిల్ రాసేటప్పుడు ఫార్మాట్ టెక్స్ట్‌లో హెచ్‌టీఎంఎల్ అని మార్చి, పీడీఎఫ్ జతచేసి ఇప్పుడే మళ్ళీ పంపుతాండా. అందినాక ఇక్కడ ఒక మాట రాయండి.